పొయ్యి పన్ను కాగితాల్లో మా ఊరి పేదల పేర్లు దొరికాయి

మేముండేది ఇంగ్లండ్‌లో, వార్విక్‌షైర్‌లోని చిన్న పల్లెలో. ఊరి చరిత్ర కోసం మా చర్చి సంఘం ఒక పరిశోధకుడికి డబ్బిచ్చి పొయ్యి పన్ను జాబితా రాయించింది. 1662లో రెండో చార్లెస్ హయాంలో వచ్చిన పన్ను అది. ఒక్కో పొయ్యికి ఏడాదికి 2 షిల్లింగులు, రెండు వాయిదాల్లో కట్టాలి.

జాబితాలో కాస్త ఉన్నవాళ్ళ పేర్లే ఉన్నాయి. "కూలివాళ్ళేరండీ?" అనడిగితే, "పన్ను కట్టనివాళ్ళతో మనకేం పని?" అన్నాడా పరిశోధకుడు అందరి ముందూ. ఒళ్ళు మండింది. నేనే చూసుకుంటానని లండన్‌లో క్యూ అనే చోట ఉన్న ప్రభుత్వ పాత రికార్డుల భాండాగారం, నేషనల్ ఆర్కైవ్స్‌కి వెళ్ళాను.

రీడర్ టికెట్ ఇట్టే వచ్చింది. గుర్తింపు, చిరునామా రుజువులుంటే చాలు. లోపలికి పెన్ను తీసుకెళ్ళనివ్వరు, పెన్సిలే.

చుక్కలు చూపించింది చదవడమే. ముందు ఊరు దొరకలేదు, ఎందుకంటే ఆ జాబితాలు చర్చి పారిష్‌ల వరసలో ఉండవు. హండ్రెడ్ (కౌంటీలో పాతకాలపు విభాగం), దాని కింద కానిస్టేబుల్ పరిధి, అలా వెతకాలి. ఇక రాత! పెద్ద ఎఫ్‌కి బదులు రెండు చిన్న ఎఫ్‌లు. మూడంటే రెండు ఐలు, చివర తోక కిందికి లాగిన జె. మా తాతగారి గొలుసుకట్టు దస్తావేజులు చదివిన కళ్ళు కాబట్టి పట్టు వదల్లేదు. నాతోపాటు ఎవరున్నా మధ్యలోనే లేచిపోయేవారు.

మా ఊరి పన్ను మొత్తం లెక్క రాసిన చోట, దాని కింద రెండో జాబితా కనబడింది. పేరుకు ముందు "విడో" (వితంతువు), చివర ఒకటే పొయ్యి. ఆ కిందా అదే, ఆ కిందా అదే. వీళ్ళంతా మినహాయింపు పొందినవాళ్ళు. ఇంటి విలువ ఏడాదికి 20 షిల్లింగులు దాటక, ఆస్తి 10 పౌండ్లలోపు ఉంటే, చర్చి పాదిరీ, ఊరి పెద్దలు సర్టిఫికెట్ రాసిచ్చేవారు. దానిమీద ఇద్దరు జస్టిస్‌లు (స్థానిక మెజిస్ట్రేట్లు) సంతకం చేయాలి. పేదరికాన్ని ఇంతమంది చేత రుజువు చేయించుకున్న మనిషిని, మూడొందల యాభై ఏళ్ళ తర్వాత పనికిరాదని కొట్టేయడం అన్యాయం. డబ్బు తీసుకుని అలా చేయడం ఇంకా అన్యాయం.

మీరెవరికైనా ఈ పని అప్పగిస్తే, మినహాయింపుల జాబితా కూడా ఇస్తేనే డబ్బివ్వండి. సర్టిఫికెట్లు విడిగా కూడా ఉంటాయి, అవీ అడగండి. 1666 నుంచి 1669 దాకా వసూలు కాంట్రాక్టుకిచ్చారు, జాబితాలు ఖజానాకి పంపలేదు. ఆ ఏళ్ళ కోసం టైము పాడుచేసుకోవద్దు, 1670 దగ్గర మొదలుపెట్టండి.