అమ్మమ్మకు చెప్పాల్సిన మాట

“అమ్మా, బ్రెస్ట్‌ను తెలుగులో ఏమంటారు?”

అమలాపురం దగ్గర మా ఊళ్లో, వంటింటి గడప మీద కూర్చుని మా పదిహేనేళ్ల అమ్మాయి అడిగింది. కొబ్బరి కోరుతూ తలెత్తకుండా “ఛాతీ” అన్నాను.

“ఛాతీ నాన్నకు కూడా ఉంది కదా?”

పన్నెండేళ్లుగా ఆదివారాలన్నీ పోరి నేర్పిన తెలుగు. గౌతమి, వశిష్ఠ, వైనతేయ అంటూ గోదావరి పాయల పేర్లు కూడా వల్లె వేయించాను. రొమ్ము అన్న రెండక్షరాలు మాత్రం ఎన్నడూ నా నోట రాలేదు.

ముందురోజు అమ్మ “ఎందుకే ఇలా చిక్కిపోయావు?” అంటే, పిల్ల ముందే “థైరాయిడ్” అనేశాను. చిన్న అబద్ధానికే వారం రోజులు ఫోను లాక్కునే తల్లిని! రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు అది తేల్చి చెప్పింది: “అమ్మమ్మ మళ్లీ అడిగితే నేను థైరాయిడ్ అనను.”

నిరుడు ఎడమవైపు గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చారు. అలా చేసినా, రొమ్ము మొత్తం తీసేసినా బతికే అవకాశం ఒకటేనని ఇరవై ఏళ్లు గమనించి 2002లోనే తేల్చారు. గండం గడిచిందనుకున్నాను. అంతలో జన్యుపరీక్షలో, రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచే బీఆర్‌సీఏ2 అనే జన్యులోపం బయటపడింది. ఇది ఉండి ఒకవైపు క్యాన్సర్ వచ్చినవాళ్లలో, ఇరవై ఏళ్లలో నూటికి సుమారు 26 మందికి రెండోవైపూ వస్తుంది. 26 చూసి వణకాలా, మిగిలిన 74 చూసి ఊపిరి పీల్చుకోవాలా? రెండూ తీయించుకుంటే ముప్పు బాగా తగ్గుతుంది, సున్నా కాదు. అక్కడి స్పర్శ మాత్రం చాలావరకు పోతుంది.

కౌన్సెలర్ మా వంశవృక్షం గీసింది. ఆడవాళ్లకు సున్నాలు, మగవాళ్లకు చతురస్రాలు. మా పెద్దమ్మ దేనితో పోయిందని అడిగితే “ఏదో గడ్డ” అన్నాను. సున్నా పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. మా అమ్మవైపు అలాంటి సున్నాలు మూడు.

పిల్లల దగ్గర ఏదీ దాచవద్దని స్నేహితురాళ్లకు ధారాళంగా చెబుతుంటాను. నా లోపం మా అమ్మాయికి వచ్చి ఉండే అవకాశం సగానికి సగం. పెద్దయ్యాక, తనకు కావాలనిపిస్తేనే పరీక్ష అన్నారు డాక్టర్లు. “నీ శరీరం, నీ ఇష్టం” అని దాని చిన్నప్పటి నుంచి పాఠం చెప్పిన నేనే, పద్దెనిమిది నిండడానికి ఎన్ని నెలలో వేళ్ల మీద లెక్కపెడుతున్నాను. రెండూ తీయించుకుంటే నా భయం పోతుందా, దానికి అంటుకుంటుందా? ఆపరేషన్‌కు తేదీ నేనింకా చెప్పలేదు.

“రొమ్ము” అన్నాను చివరికి, కోరుతున్న చిప్పతో చెబుతున్నట్టు.

లేచి అరుగు మీదికి వెళ్లింది. కాలువకు నీళ్లు వదిలారని పక్కింటివాళ్లతో చెబుతోంది అమ్మ. “అమ్మమ్మా, అమ్మకు రొమ్ములో క్యాన్సర్ వచ్చింది” అంది మా అమ్మాయి. దాని ‘ర’ ఇప్పటికీ నాలుక మడతపెట్టినట్టే ఉంటుంది. అయినా అందరికీ అర్థమైంది.

పక్కింటావిడ ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్లిపోయింది. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఇలా కూర్చో. కాగితం, కలం తెచ్చుకో. మా పెద్దక్కతో మొదలుపెడతాను” అంది.