బొంగు కాలేదాకా: మారేడుమిల్లి ప్రయాణం

కోనసీమలో కొండ లేదు. ఇంటికి పునాది వేయాలంటే రాయి లారీలో రావలసిందే. ఎక్కడ తవ్వినా ముందు ఒండ్రు, దాని కింద ఇసుక, ఆపైన నీళ్లు. మేము ఎరిగిన ఎత్తు ఏటిగట్టు ఒక్కటే. అందుచేత మారేడుమిల్లి వెళ్లాలనే మాట మా ఇంట్లో ఏటా వస్తూనే ఉంటుంది. అయితే ఈసారి ముహూర్తం పెట్టింది కొండల మీది ప్రేమ కాదు, కార్తీకమాసం. నెల పొడవునా నీచు ముట్టని మా బావమరిది, పోలి స్వర్గం నాడు ఆడవాళ్లు అరటిదొప్పలలో దీపాలు కాలువలోకి వదులుతుండగానే బొంగులో చికెన్ జపం మొదలుపెట్టాడు. ఆ తరువాతి ఆదివారం తెల్లవారకముందే అమలాపురం నుండి కారు తీశాము. గోదావరి జిల్లాలలో కార్తీకం వదిలిన ఇళ్లన్నీ అదే ఆదివారాన్ని ఎంచుకున్నాయన్న సంగతి గోకవరం దాటాక గాని తెలియలేదు.

రావులపాలెం, జొన్నాడ వంతెన, కడియపులంక నర్సరీలు అందరూ ఎరిగిన దారే కనుక దాని గురించి చెప్పవలసింది లేదు. రాజమండ్రి దాటి కోరుకొండ చేరేసరికి నరసింహస్వామి గుడి ఉన్న కొండ, చదునైన పొలాల నడుమ ఒంటరిగా లేచి కనిపిస్తుంది. మా పిల్లలు అదే మారేడుమిల్లి అనుకున్నారు. గోకవరంలో తిన్న పెసరట్టు ఉప్మా బాగానే ఉన్నది; పర్యాటకుల కారును చూసి వేసిన ధర మాత్రం బాగాలేదు.

రంపచోడవరం దాటాక రోడ్డు అడవిలోకి తిరిగింది. జీలుగు చెట్లకు కట్టిన కల్లు ముంతలు అక్కడక్కడ కనిపించాయి. 1879లో ఈ కొండల్లో చెలరేగిన రంప పితూరీకి ఉన్న కారణాలలో కల్లుగీతపై వేసిన చిగురుపన్ను ఒకటి. ఇంటి అవసరానికి గీసుకునే కల్లుకు కూడా పన్ను కట్టమంటే మన్యం తిరగబడింది. బావమరిదికి ఈ చరిత్ర చెబుతుంటే అతడు శ్రద్ధగా విని, "అయితే బావా, ఆ కల్లు ఎక్కడ దొరుకుతుందంటావు?" అని అడిగాడు. కారు నడపవలసినవాడు అతడే కనుక ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

మారేడుమిల్లి చేరేసరికి రోడ్డుకు రెండు వైపులా పొగే. ప్రతి పాక ముందు నిప్పులు, వాటిపై ఏటవాలుగా ఆనించిన పచ్చి వెదురు బొంగులు, వాటి ముందు ప్లాస్టిక్ కుర్చీలలో మావంటి వారు. మేము కూర్చున్న పాకను ఒక నడివయసు స్త్రీ, ఆమె కొడుకు నడుపుతున్నారు. కొడుకు బొంగును కణుపు దగ్గర నరికి, ఒక కొస మూసి ఉండేలా చూసి, ముక్కలు కూరి, తెరిచి ఉన్న మూతిని ఆకుతో గట్టిగా బిగించి తల్లికి అందిస్తున్నాడు. ఆమె వాటిని అదే పనిగా పక్కలు మారుస్తున్నది. నూనె వేయరు, నీళ్లు పోయరు. పచ్చి వెదురులోని చెమ్మే ముక్కను ఉడికిస్తుంది. కాసేపటికి మూతి దగ్గర ఆకు తడిసి బుసబుసమంటూ రసం పొంగుతుంది. బొంగు ఆకుపచ్చ రంగు పోయి గోధుమరంగుకు, ఆపైన నలుపుకు తిరుగుతుంది. అంతవరకూ ఎవరు ఎంత తొందరపెట్టినా లాభం లేదు. పక్క కుర్చీలోని పెద్దమనిషి ఎక్కువ డబ్బులిస్తాను, ముందు నాకే తీయమని గదమాయిస్తే, ఆమె తల ఎత్తకుండానే, "బొంగు కాలాలి గదండీ, డబ్బులు కాలితే ఉడకదు" అన్నది.

మా వంతు వచ్చాక బొంగును పగులగొట్టి అడ్డాకుల విస్తరిలో గుమ్మరించింది. ముక్క మెత్తగా ఉడికింది గాని, నోటికి తగిలిందంతా గరం మసాలాయే. మా ఇంటి కోడికూరను వెదురులో పోసి తెచ్చినట్లున్నది. దీనికి మా ఊరి నాటుకోడి ధరకంటే ఎక్కువ ఇచ్చామన్న బాధ ఒకటి. ఇదేమిటమ్మా అని అడిగితే, "మీ గోదావరోళ్లకి మసాలా లేకపోతే చప్పగా ఉందంటారండీ, అందుకే ఏస్తన్నాం" అన్నది. బావమరిది విస్తరి నుండి తల ఎత్తలేదు. అంతకు ముందే అతడు ఇగురు లేదని, నూనె తేలలేదని సణుగుతున్నాడు. నేను పట్టుబట్టి ఉప్పు, కారం, పసుపు మాత్రమే పట్టించిన బొంగు ఒకటి విడిగా చెప్పించాను. మళ్లీ నిరీక్షణ, మళ్లీ పొగ. అది వచ్చాక తెలిసింది, లేత వెదురు వాసన ముక్కలోకి ఎట్లా దిగుతుందో. పిల్లలు అడుగున మిగిలిన రసాన్ని కూడా ఆకుకు అద్దుకుని తిన్నారు.

అంత తిన్నాక అమృతధారకు నడవడం అంత సులువు కాలేదు. జలపాతం దగ్గరకు అడవిలో దిగుతూ వెళ్లాలి. దిగేటప్పుడు అందరమూ కబుర్లు చెప్పుకున్నాము. ఎక్కేటప్పుడు ఎవరమూ నోరు విప్పలేదు. ఏటిగట్టు మీద ఎన్ని మైళ్లైనా నడిచే మా మామగారు, వేళ్లు తేలిన ఆ ఎగుడుదారిలో పదేపదే చెట్టును పట్టుకుని ఆగారు. జలపాతాన్ని మాత్రం ఆయనే అందరికంటే ఎక్కువసేపు చూశారు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసినప్పటి నుండి మా నీళ్లు లాకుల చెప్పుచేతల్లో ఉంటాయి. వేసవిలో కాలువలు కట్టేస్తే చెరువు నీళ్లే దిక్కు. "దీనికి లస్కరు లేడు" అన్నారాయన, కాలువ నీళ్లు వదిలే లస్కరుతో జీవితమంతా తగాదాలు పడిన రైతు కనుక.

మర్నాడు చీకటితోనే గుడిస కొండపైకి వెళ్లాము. జీపు వాడు చెప్పిన అద్దెతో మా ఇంటిల్లిపాదీ రాజమండ్రి వెళ్లి సినిమా చూసి భోంచేసి రావచ్చు. దారి చూశాక బేరమాడినందుకు కొంచెం సిగ్గు వేసింది. అది రోడ్డు కాదు, రాళ్ల వరుస. పైన చెట్టన్నది లేని గడ్డి గుట్టలు, కింద లోయల నిండా పరుచుకున్న మంచు, నిలబడనివ్వని గాలి. గడ్డిలో తాగి పడేసిన నీళ్ల సీసాలు కూడా ఉన్నాయి. వాటిని మోసుకొచ్చినవాళ్లు కింద చెత్తడబ్బా దాకా మోసుకుపోలేకపోయారు కాబోలు.

వెళ్లదలచినవారు కార్తీకం వదిలిన ఆదివారం మానుకుంటే మంచిది. బొంగు చెప్పేటప్పుడు మసాలా వద్దని ముందే చెప్పాలి. మూతి బిగించాక మళ్లీ విప్పించడానికి ఆమె ఒప్పుకోదు.