గుర్రం మీద బోధకుడు, బండిలో కుటుంబం

పీటర్ కార్ట్‌రైట్ పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో గుర్రం మీద ఊరూరా తిరిగి సువార్త చెప్పిన మెథడిస్టు బోధకుడు. ఆయన గురించి రాసినవాళ్లు ఎక్కువగా ఆయన గుర్రం గురించి, గొంతు గురించి, సువార్త కూటాల్లో అల్లరి చేసే రౌడీలను తానే లొంగదీసిన సంగతుల గురించి రాశారు. ఆయన ఆత్మకథ చదివినప్పటి నుంచీ నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. నెలల తరబడి ఇంటి పట్టున ఉండని మనిషి భార్యాపిల్లలు ఎలా బతికారు? మా నాన్నగారు గుంటూరు జిల్లాలో పాస్టరు. ట్రాన్స్‌ఫర్ అయినప్పుడల్లా సామాను సర్దిందీ, మమ్మల్ని కొత్త స్కూల్లో చేర్పించిందీ అమ్మే. అందుకేనేమో, పాస్టరుగారి కథ ఎవరు చెప్పినా నా మనసు పాస్టరమ్మగారి వైపు పోతుంది.

ఈ వేసవిలో ఆ కుటుంబం నడిచిన దారి పట్టుకుని వెళ్దామంటే మావారు సరేనన్నారు. నాష్‌విల్‌లో మా తమ్ముడి ఇంటి నుంచి పొద్దున్నే బయల్దేరి కెంటకీ రాష్ట్రంలోని లోగన్ కౌంటీ చేరాం. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. పీటర్ పుట్టింది 1785లో, వర్జీనియాలోని ఆమ్‌హర్స్ట్ కౌంటీలో. చిన్నప్పుడే కుటుంబం కొండలు దాటి ఇటు వచ్చింది. వాళ్లు స్థిరపడిన చోటు రసెల్‌విల్‌కి దక్షిణంగా తొమ్మిది మైళ్లు, టెనెసీ సరిహద్దుకి ఆనుకుని. అప్పట్లో ఈ ప్రాంతాన్ని దొంగల రేవు అనేవారు. వేరే రాష్ట్రాల్లో నేరాలు చేసి పారిపోయినవాళ్లు వచ్చి తలదాచుకున్న చోటు మరి. ఇప్పుడు రోడ్డుకి రెండు వైపులా పొలాలు, పశువుల మేత బీళ్లు.

తండ్రి కొడుక్కి పందెపు గుర్రాన్నీ పేకముక్కలనూ ఇచ్చాడు. తల్లి మాత్రం వాడి కోసం కన్నీళ్లతో ప్రార్థించింది. 1801లో, పదహారో ఏట, పీటర్ మారుమనస్సు పొందాడు. ఇంటికొచ్చి గుర్రాన్ని తండ్రికి తిరిగిచ్చేశాడు. పేకముక్కలు తల్లి చేతిలో పెడితే ఆమె వాటిని నిప్పుల్లో వేసింది. అడైర్‌విల్ దగ్గర రెడ్ రివర్ మందిరం ఉంది. 1800లో ఆ ప్రాంతాన్ని ఊపేసిన ఉజ్జీవ కూటాలు, అంటే భక్తిని మళ్లీ రగిలించే కూటాలు, జరిగింది అక్కడే. ఇప్పుడున్నది పాతదాని నమూనాలో కట్టిన దుంగల మందిరం. లోపల కాసేపు కూర్చున్నాం. చుట్టూ చెట్ల నీడ, పక్కన పాత సమాధులు. నాకు వెంటనే మా ఊళ్లో పందిళ్లు వేసి జరిపే సువార్త కూటాలు గుర్తొచ్చాయి.

1808లో పీటర్ ఫ్రాన్సెస్ గెయిన్స్‌ని పెళ్లి చేసుకున్నాడు. అప్పట్లో మెథడిస్టు సంచార బోధకుడికి సంఘం ఇస్తామన్నది ఏడాదికి 80 డాలర్లు, అదీ వసూలైతే. వాళ్లకి తొమ్మిదిమంది పిల్లలు, ఏడుగురు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు. కెంటకీ వదిలి ఇల్లినాయ్ వెళ్లాలని ఎందుకు నిర్ణయించుకున్నాడో ఆయనే వరుసగా చెప్పాడు. బానిసత్వం అనే పాపానికి పూర్తిగా దూరంగా ఉండాలి. కష్టపడి పనిచేయడం నామోషీ కాని చోట పిల్లల్ని పెంచాలి. వాళ్లకి నాలుగెకరాలు సంపాదించి పెట్టాలి. సువార్త అందనివాళ్లకి అందించాలి. ఈ కారణాల్లో రెండు పిల్లల కోసమే. ఆయన మొండివాడు, కోపిష్ఠి, గొప్పలు చెప్పుకునే మనిషి. అయినా ఈ మాటలు చదివాక ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

1824 శరదృతువులో బండి కట్టారు. దక్షిణ ఇల్లినాయ్‌లోకి వచ్చాక బండి తిరగబడి, పెద్దమ్మాయి వెంట్రుకవాసిలో తప్పించుకుంది. సామానంతా మళ్లీ ఎక్కించేసరికి చీకటి పడింది. ఆయన బాగా అలిసిపోయాడు, గాలి వెచ్చగా ఉంది. ఈ రాత్రికి గుడారం వేయొద్దులే అంది ఫ్రాన్సెస్. ఒక చిన్న చెట్టు మొదట్లో నిప్పు రాజేసి పడుకున్నారు. తెల్లవారుతుండగా ఆ చెట్టు విరిగి మూడో అమ్మాయి సింథియా మీద పడింది. ఫెళ్లుమన్న చప్పుడుకి తండ్రి లేచి చెట్టుని పట్టుకున్నాడు, కానీ ఆపలేకపోయాడు. పైకి గట్టిగా కనిపించిన ఆ చెట్టు లోపలంతా పుచ్చిపోయి ఉంది. కత్తి వెనక అంచు ఎంత మందమో అంతే పచ్చిగా మిగిలిందని రాశాడాయన.

దాదాపు కనుచూపు మేరలోనే రెండు ఇళ్లున్నాయి. సాయం చేయమని మనిషిని పంపితే ఒక్కరూ రాలేదు. బిడ్డను గుర్రాల దాణా తొట్టిలో పడుకోబెట్టుకుని, సుమారు ఇరవై మైళ్లు ప్రయాణించి, హామిల్టన్ కౌంటీలో తెలిసినవాళ్ల ఇంటి దగ్గర పాతిపెట్టారు.

ఆ కౌంటీకి ముఖ్యపట్టణం మెక్లీన్స్‌బరో. మౌంట్ వెర్నన్ నుంచి 142 నంబరు రోడ్డు మీద వెళ్తుంటే అంతా మొక్కజొన్న, సోయా చేలు. అక్కడక్కడా వాగుల వెంట చెట్ల గుంపులు. మావారు కారు పక్కన ఆపారు. ఇద్దరం దిగి, ఆ పేజీలు నేను తెలుగులో చెబుతుంటే ఆయన విన్నారు. గుడారం వేసి ఉంటే వేరే వైపు పడుకునేవాళ్లం, చెట్టు మా అందరి మీదా పడేది, దేవుడు దయ చూపాడు అని తండ్రి రాసుకున్న చోట నా గొంతు పూడుకుపోయింది. బిడ్డ పోయిన రోజున కూడా దేవుడి మంచితనం వెతుక్కునే మనుషుల మధ్య పెరిగాను, ఆ మాట నాకు కొత్త కాదు. కానీ గుడారం వద్దన్నది తానేనన్న సంగతి ఫ్రాన్సెస్ ఎలా మోసిందో? ఆమె మాట ఆ పేజీల్లో లేదు. రోడ్డు పక్కన ఆమె కోసం, సింథియా కోసం ప్రార్థన చేసుకున్నాం.

వంశవృక్షాలు వెతికేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. అమెరికా జనగణనలో ఇంట్లో ఉన్న, బానిసలు కాని స్వతంత్రులందరి పేర్లూ రాయడం 1850లో మొదలైంది. అంతకుముందు ఇంటి పెద్ద పేరు మాత్రమే రాసి, మిగతావాళ్లను వయసుల వారీగా అంకెల్లో వేసేవారు. 1824లో పోయిన సింథియా పేరు ఏ జనగణనలోనూ దొరకదు.

కుటుంబం స్థిరపడింది ఇల్లినాయ్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కి పడమర, ప్లెజంట్ ప్లెయిన్స్ దగ్గర. 1846లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెసు ఎన్నికల్లో కార్ట్‌రైట్‌కి పోటీగా నిలబడింది అబ్రహాం లింకన్. లింకన్ దైవభక్తి లేనివాడని కార్ట్‌రైట్ వర్గం ప్రచారం చేసింది. లింకన్ కరపత్రం వేసి బదులు చెప్పుకోవాల్సి వచ్చింది. 6,340 ఓట్లతో లింకన్ గెలిచాడు, కార్ట్‌రైట్‌కి 4,829 వచ్చాయి.

పదమూడేళ్ల తర్వాత ఆ ఇంటికి అదే లింకన్ అవసరం పడింది, ఈసారి లాయరుగా. 1859 జులైలో ప్లెజంట్ ప్లెయిన్స్‌లోని ఒక మందుల దుకాణంలో జరిగిన గొడవలో కార్ట్‌రైట్ కూతురి కొడుకు క్విన్ హారిసన్ చేతిలో గ్రీక్ క్రాఫ్టన్ అనే కుర్రాడు కత్తిపోటు తిని చనిపోయాడు. ఆ కుర్రాడు లింకన్ ఆఫీసులోనే లా చదువుకున్నవాడు. క్విన్ తరఫున వాదించినవాళ్లలో లింకన్ ఒకడు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని లింకన్ ప్రెసిడెన్షియల్ లైబ్రరీలో ఆ విచారణ రాతప్రతి ఉంది. 1989లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో, క్విన్ మునిమనవడి ఇంట్లో ఒక పెట్టెలో అది బయటపడింది. అంటే నూట ముప్పై ఏళ్లు ఆ కాగితాల్ని కాపాడింది కుటుంబమే!

దాని నకలు చదువుతుంటే సాక్షి బోనులో తాతగారు కనిపిస్తారు. డెబ్బై దాటిన మనిషి. చావుబతుకుల్లో ఉన్న గ్రీక్ దగ్గరికి తాను వెళ్లాననీ, ఇది నేను కొనితెచ్చుకున్నదే, క్విన్‌ని క్షమిస్తున్నాను అని ఆ కుర్రాడు అన్నాడనీ చెప్పాడు. ఆ సాక్ష్యం చెల్లుతుందా అని లాయర్లు గట్టిగా వాదించుకున్నారు. చివరికి జడ్జి అనుమతించాడు, జ్యూరీ క్విన్‌ని వదిలేసింది. నాకు మాత్రం గ్రీక్ తల్లిదండ్రుల గురించి బెంగగా అనిపించింది. క్షమిస్తున్నానన్న ఆ మాట వాళ్ల కొడుకు నోటి నుంచి వచ్చింది. కోర్టులో చెప్పిందేమో నిందితుడి తాత.

మర్నాడు 125 నంబరు రోడ్డు మీద ప్లెజంట్ ప్లెయిన్స్ వెళ్లాం. చిన్న ఊరు. ఆయన పేరు పెట్టుకున్న మెథడిస్టు చర్చి ఇప్పటికీ నడుస్తోంది. 1872 సెప్టెంబరులో ఆయన పోయాడు. ఊరి శ్మశానంలో ఆయన్నీ ఫ్రాన్సెస్‌నీ చూశాం. పూలు ఆమె కోసమే పట్టుకెళ్లాను, కొన్ని తీసి ఆయన దగ్గరా పెట్టాను. నాలుగెకరాలు సంపాదించాలని వచ్చినవాడు సంపాదించాడు, పిల్లల్ని ఆ చుట్టుపక్కలే స్థిరపరిచాడు.

ఏడుగురు ఆడపిల్లలున్న ఇంటి చరిత్ర కార్ట్‌రైట్ అనే ఇంటిపేరు వెంట వెళ్తే సగం కూడా దొరకదు. అల్లుళ్ల ఇంటిపేర్లు పట్టుకోవాలి. కోర్టు కాగితాలు దొరికింది కూడా హారిసన్‌ల ఇంట్లోనే కదా. వచ్చే ఏడాది వర్జీనియా వెళ్లి ఆమ్‌హర్స్ట్ కౌంటీ రికార్డులు చూడాలి, ఆ తర్వాత ఫ్రాన్సెస్ పుట్టింటివాళ్లు గెయిన్స్‌ల సంగతి. మావారు అప్పుడే సెలవు పెట్టేశారు.