రెండో వెండర్ ఉన్నాడన్న ధీమా

పాశమైలారంలో గానీ పరవాడలో గానీ బల్క్ డ్రగ్ (మాత్రల్లో వేసే అసలు మందు) ఫ్యాక్టరీ పర్చేజ్ వాళ్లని అడగండి, ముఖ్యమైన ప్రతి ఇంటర్మీడియట్‌కీ (మందు తయారీలో మధ్య దశ రసాయనం) ఇద్దరు వెండర్లున్నారనే చెబుతారు. అప్రూవ్డ్ లిస్టులో పేర్లు ఉంటాయి కూడా. వాళ్లిద్దరి ప్లాంట్లూ ఒకే పార్కులో ఉంటే మాత్రం ఉన్నది ఒక్కడే అనుకోవాలి. 2019 మార్చి 21న చైనాలోని జియాంగ్సు ప్రావిన్స్, షియాంగ్‌షుయ్ కెమికల్ పార్కులో పేలుడు జరిగి 78 మంది చనిపోయారు. ఆ తర్వాత అధికారులు పార్కు మొత్తాన్నే మూసేశారు. పేలుడుతో ఏ సంబంధమూ లేని యూనిట్లూ దాంతోపాటే పోయాయి.

అందుకే వెండర్ ఫారంలో ఆఫీసు అడ్రసు కాదు, ప్లాంటు అడ్రసు రాయించండి. ట్రేడర్ ఇన్వాయిస్ చూస్తే అంతా షాంఘైలోనే తయారవుతున్నట్టు ఉంటుంది. ఇంకో మెట్టు కిందికి దిగి, వాళ్లకి ముడిసరుకు ఎక్కణ్ణుంచి వస్తోందో కూడా అడగాలి. 6-ఏపీఏ (పెన్సిలిన్ రకం యాంటీబయాటిక్స్‌కి మూల రసాయనం) ఇద్దరు దేశీయ వెండర్ల దగ్గర కొన్నా, ఇద్దరూ దాని ముడిసరుకైన పెన్-జీ (పెన్సిలిన్-జీ) చైనా నుంచే తెచ్చుకుంటుంటే మనకి ఒరిగేదేమీ లేదు. కాకినాడ దగ్గర పెన్-జీ ప్లాంటు 2024లో గానీ మొదలు కాలేదు.

ఇక స్టాకు. చాలాచోట్ల సేఫ్టీ స్టాక్‌ని (సరుకు ఆలస్యమైతే ఆదుకోడానికి ఉంచే అదనపు నిల్వ) వాడకం హెచ్చుతగ్గుల మీదే లెక్కేస్తారు. అసలు దెబ్బ కొట్టేది లీడ్ టైమ్ (ఆర్డరిచ్చాక సరుకు వాడకానికి సిద్ధమయ్యే దాకా పట్టే రోజులు) హెచ్చుతగ్గులు. రోజుకి సగటు వాడకం 400 కిలోలు, దాని స్టాండర్డ్ డీవియేషన్ (సగటు నుంచి ఎంత అటూ ఇటూ అవుతుందో చెప్పే అంకె) 60 కిలోలు, సగటు లీడ్ టైమ్ 45 రోజులు అనుకుందాం. 45 వర్గమూలాన్ని 60తోనూ, 95 శాతం భరోసాకి 1.65తోనూ గుణిస్తే వాడకం లెక్కన వచ్చేది దాదాపు 664 కిలోలు, అంటే రెండు రోజులకి కూడా చాలదు. లీడ్ టైమ్ డీవియేషన్ 12 రోజులని కలిపి చూడండి: 45ని 60 వర్గంతో, 400 వర్గాన్ని 12 వర్గంతో గుణించి, రెండూ కూడి, వర్గమూలాన్ని 1.65తో గుణిస్తే దాదాపు 7,950 కిలోలు. ఇరవై రోజుల సరుకు! ఆ 12ని 6కి తేగలిగితే 4,015 కిలోలు చాలు. గోడౌన్ పెంచేకన్నా వెండర్‌కి మూడు నెలల ఫోర్‌కాస్ట్ ముందే ఇచ్చి, చైనా కొత్త సంవత్సరం సెలవుల లోపే షిప్‌మెంట్ కదిలించడం చవక.

లీడ్ టైమ్ అంటే పీవో (కొనుగోలు ఆర్డరు) ఇచ్చిన రోజు నుంచి క్యూసీ (నాణ్యత పరీక్ష విభాగం) రిలీజ్ దాకా. సరుకు పోర్టుకి చేరిన తేదీ వేసుకుంటే లెక్క మొత్తం తప్పుతుంది. గత 15-20 పీవోల తేదీలు ఎక్సెల్‌లో పెడితే డీవియేషన్ అదే వస్తుంది.

రెండో వెండర్ని నిజంగా నిలబెట్టడానికి ఏడాది వరకూ పట్టొచ్చు. శాంపిల్, ల్యాబ్ ట్రయల్, మూడు వాలిడేషన్ బ్యాచ్‌లు (నాణ్యత నిలకడగా వస్తోందని రుజువు చేసేవి), 40 డిగ్రీలు 75 శాతం తేమ దగ్గర ఆరు నెలల స్టెబిలిటీ పరీక్ష, ఆపైన డీఎంఎఫ్ (తయారీ వివరాలతో ఔషధ నియంత్రణ సంస్థకిచ్చే ఫైలు) సవరణ, కస్టమర్లకి సమాచారం. అతని సింథసిస్ రూట్ (తయారీ మార్గం) వేరైతే కొత్త ఇంప్యూరిటీలు (మలినాలు) వస్తాయి; నైట్రోసమైన్ (క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న మలినం) రిస్క్ మళ్లీ మొదటి నుంచీ చూడాల్సిందే. ఇంత చేసీ ఆర్డర్లన్నీ మొదటివాడికే ఇస్తే, కొరత వచ్చిన రోజున రెండోవాడు మీ ఫోన్ ఎత్తడు. కనీసం 70-30గా పంచండి, రేటు రెండు మూడు శాతం ఎక్కువైనా సరే.

సేఫ్టీ స్టాక్‌ని ఒక మూలన పేర్చి మర్చిపోతే రీటెస్ట్ (మళ్లీ పరీక్షించాల్సిన) తేదీ దాటిపోతుంది. ముందు ఎక్స్‌పైర్ అయ్యేదే ముందు ఇష్యూ అయ్యేలా స్టోర్స్ సాఫ్ట్‌వేర్‌లో లాక్ పెట్టించండి. రీటెస్ట్‌కి 60 రోజులుండగానే క్యూసీకి అలర్ట్ వెళ్లాలి.