పైన ఎవ్వరూ ఉండరు, తాళం మనమే తీసుకోవాలి

మ్యూనిక్‌కి వచ్చి మూడేళ్ళయింది గానీ ఆల్ప్స్‌లో నేను చేసిన ట్రెక్కింగంతా ఒకటే టైపు, ఎక్కడం, పైన హట్‌లో (ట్రెక్కర్లు ఆగే కొండమీది బస) వేడివేడి సూపు తాగడం, దిగడం. పోయిన జూన్‌లో మా రూమ్మేట్ "ఈసారి మనుషులు లేని హట్‌కి పోదాం రా, వండిపెట్టేవాళ్ళు ఉండరు, అన్నీ మనమే" అన్నాడు. సోఫాలో కూర్చుని వింటే భలే అనిపించింది.

ఆస్ట్రియా టైరోల్‌లో వైల్డర్ కైజర్ అని సున్నపురాయి కొండలున్నాయి, వాటి మధ్యలో 1865 మీటర్ల ఎత్తున ఫ్రిట్జ్ ఫ్లౌమ్ హట్. జర్మన్ ఆల్పైన్ క్లబ్ వాళ్ళది. ఆ క్లబ్‌ని ఇక్కడ డీఏవీ అంటారు, మనకేమో ఆ పేరు వింటే స్కూలు యూనిఫామ్ గుర్తొస్తుంది. మెంబర్లకి డిపాజిట్ తీసుకుని ఒక తాళంచెవి ఇస్తారు, ఇలాంటి హట్‌లు చాలావరకు దాంతోనే తెరుచుకుంటాయి. మావాడు మెంబరు కాబట్టి అది వాడి దగ్గరే, పెళ్ళింట్లో బీరువా తాళాలు బొడ్లో దోపుకున్న మేనత్తలాగా పది నిమిషాలకోసారి తడుముకుంటూ నడిచాడు.

గ్రీస్‌నర్ ఆల్మ్ దాకా కారు పోతుంది, అక్కణ్ణుంచి ఎనిమిది వందల మీటర్ల పైనే ఎక్కుడు. మొదట అడవి, తర్వాత బండలు, పైన ఇంకా కరగని మంచు. మూడు గంటలు నడిచి చేరాం, నేనైతే పాక్కుంటూ.

లోపల చల్లగా చీకటిగా ఉంది, కిటికీ తలుపులు తెరిస్తే కట్టెల పొయ్యి, బల్ల, మడతపెట్టిన ఉన్ని కంబళ్ళు కనిపించాయి, పొయ్యి పక్కన మాకంటే ముందొచ్చినవాళ్ళెవరో సన్నగా చీల్చిన పుల్లలు పేర్చిపెట్టి పోయారు. చిన్నప్పుడు అమ్మమ్మ వాళ్ళింట్లో నీళ్ళ పొయ్యి రాజేసినవాణ్ణి, ఇదెంత అని అంటించా. రెండు నిమిషాల్లో గదంతా పొగ! దగ్గుకుంటూ బయటికి పరిగెత్తాం. సరిగ్గా అప్పుడే అరవై దాటిన దంపతులు పైకొచ్చారు, పెద్దాయన "సెర్వుస్" అని పలకరించి లోపలికెళ్ళి పొగగొట్టానికున్న చిన్న పిడి తిప్పాడు, అంతే, పొగ పోయింది. ఒక్క మాట అనలేదు, అంటేనే నయంగా ఉండేది.

నీళ్ళకి మంచే దిక్కు. గిన్నె నిండా కుక్కి పెడితే సగం గిన్నె కూడా రాలేదు, అడుగున ఇసుక. మావాడి కర్చీఫ్‌తో వడగట్టి మరిగించాం (ఉతికిందే అన్నాడు, నమ్మాను). ఇంట్లో కలిపి తెచ్చిన పులిహోర, ఆవకాయ తీశాం, వాళ్ళు రొట్టె, చీజు తీశారు. ఆవిడకి కారం తగ్గించి పెడదామనుకుంటే ఆవిడే రొట్టె మీద ఆవకాయ రాసుకుని తిని ఇంకో స్పూను వేసుకుంది.

పడుకునేముందు పెద్దాయన ఒక పుస్తకం మా ముందుకి తోశాడు. పేర్లు, ఎక్కణ్ణుంచి వచ్చాం, రేపెటు పోతాం రాయాలట. ఎవరైనా తప్పిపోతే వెతికేవాళ్ళకి ఆచూకీ దీంట్లోనే దొరుకుతుందని చెప్పాడు, ఆ మాట విన్నాక చేతిరాత కాస్త కుదురుగా వచ్చింది. రాత్రి ఎక్కడో పైనుంచి రాళ్ళు జారిన చప్పుడు వినిపిస్తూనే ఉంది, బాత్రూముకి బయటికి వెళ్ళాల్సొచ్చినప్పుడు మాత్రం మావాణ్ణి లేపా.

పొద్దున బూడిద ఎత్తాం, నేల ఊడ్చాం, తలకింత అని ఫీజు లెక్కేసుకున్నాం, చెత్తంతా బ్యాగులో కట్టుకున్నాం. మేం వాడినన్ని పుల్లలు మళ్ళీ చీల్చడానికి గంట పట్టింది, పెద్దాయన చీల్చినవి అగ్గిపుల్లల్లా ఉంటే నావి క్రికెట్ బ్యాట్లలా వచ్చాయి. పుస్తకంలో పొగగొట్టం పిడి సంగతి ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి రాశాను. బల్ల మీద ఆవకాయ నూనె మరక మాత్రం ఎంత రుద్దినా పోలేదు, అది రాయలేదు.