సినిమా తీశాక అమ్మడం నేర్చుకున్నాను

చెన్నైలో సినిమా తీయడం నేర్పేవాళ్లకు కొదవ లేదు. కోడంబాకం నుంచి సాలిగ్రామం దాకా ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా లెన్సుల గురించి, స్క్రీన్‌ప్లే గురించి గంటలకొద్దీ చెబుతారు. తీసిన సినిమాను ఎవరికి, ఏ హక్కులతో, ఎన్నాళ్లకు ఇవ్వాలో చెప్పేవాళ్లే దొరకరు. తెలుగు పరిశ్రమ హైదరాబాద్‌కు తరలిపోయాక ఇక్కడ ఉండిపోయిన మాలాంటివాళ్లకు అది మరీ కష్టం.

నేను డబ్బింగ్ సినిమాలకు ఎడిటింగ్ చేస్తాను. మా వెంకటగిరిలో మగ్గం నేసే ఒక ఇంటి కథను స్నేహితుల డబ్బుతో సినిమాగా తీశాను. సెన్సార్ అయింది. ఇక ఎవరి తలుపు తట్టాలా అని చూస్తుంటే, మా సినిమాకు సౌండ్ మిక్సింగ్ చేసిన అన్న వడపళనిలో జరుగుతున్న ఒక శిక్షణకు వెళ్లమన్నాడు. శని, ఆదివారాల్లో క్లాసులు. సొంతంగా చిన్న సినిమాలు తీసుకునే తెలుగు, తమిళ, మలయాళ కుర్రాళ్లు వచ్చారు. ఒక లాయరు మేడమ్, డిస్ట్రిబ్యూషన్‌లో తలపండిన ఒక పెద్దాయన కలిసి నడిపారు.

మేడమ్ మొదటిరోజు ఎవరి ట్రైలరూ చూడలేదు. "కాగితాలు తీయండి" అన్నారు. కథ ఎవరిది, పాట ఎవరు రాశారు, బాణీ ఎవరిది, నటులు సంతకాలు పెట్టారా? మా బ్యాచ్‌లో చాలామందికి ఇవన్నీ మాట మీదే నడిచాయి. చిన్న సినిమా అంటే స్నేహాల మీద లేచేదే కదా. కానీ కొనేవాళ్లు ముందుగా అడిగేది ఈ కాగితాల వరుసే. దాన్నే చెయిన్ ఆఫ్ టైటిల్ అంటారు. అందులో ఒక్క సంతకం లేకపోయినా బేరం అక్కడే ఆగిపోతుంది.

1957 నాటి కాపీరైట్ చట్టంలో 19వ సెక్షన్ మా చేత పైకి చదివించారు. హక్కుల బదిలీ రాతలో, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఎన్నాళ్లకో రాయకపోతే 5 ఏళ్లకేనని లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. థియేటర్ బయట పాట వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో తమ వాటాను కవి, సంగీత దర్శకుడు నిర్మాతకు వదిలేసినట్టు రాయించుకున్నా, 2012 సవరణ తర్వాత అది చెల్లదు. ఆ సాయంత్రమే మా పాట రాసిన మిత్రుడికి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. వాడి ఆనందం ఇంతా అంతా కాదు.

తర్వాత తలా ఒక నమూనా ఒప్పందం, ఒక పసుపు స్కెచ్ పెన్ను ఇచ్చారు. "ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాల్లో, శాశ్వతంగా" అన్న లైను కింద గీత గీయించి, దాన్ని కొట్టేసి మా మాటల్లో మళ్లీ రాయమన్నారు. డిజిటల్ మాత్రమే, 3 ఏళ్లు, డబ్బింగ్, రీమేక్ హక్కులు నిర్మాతవే అని రాశాను. "ఇప్పుడు సరిగ్గా ఉంది" అన్నారు మేడమ్.

పెద్దాయన చెప్పింది డబ్బు లెక్క. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, గుంటూరు, నెల్లూరు ఇలా ఒక్కో ఏరియాకు బేరం వేరు. ఔట్‌రైట్‌గా అమ్మితే లాభనష్టాలు కొన్నవాడివే. అడ్వాన్స్ తీసుకుంటే, వసూళ్లలో తగ్గిన మేరకు నిర్మాత వెనక్కి కట్టాలి. కమీషన్ మీద ఇస్తే డిస్ట్రిబ్యూటర్ తన శాతం పట్టుకుని మిగతాది ఇస్తాడు. పన్ను, థియేటర్ అద్దె పోగా మిగిలేదే షేర్. డిజిటల్ ప్రింట్ ఖర్చు, పబ్లిసిటీ మళ్లీ అందులోంచే పోతాయి. పేపర్లో వచ్చే గ్రాస్ (టికెట్ల మొత్తం వసూలు) అంకెలు చూసి ఇల్లు కట్టుకోవద్దన్నారు.

చివరి వారం సినిమాలు కొనే బయటివాళ్లను పిలిచారు. నాకు నెల్లూరు డిస్ట్రిబ్యూటర్ ఒకాయన ఎదురుగా కూర్చున్నారు. కథ రెండు నిమిషాల్లో చెప్పాను.

"కథ బాగుంది బాబూ. మొదటి రోజు మ్యాట్నీకి ఎవరొస్తారు?"

"వెంకటగిరిలో నేతపని చేసేవాళ్ల కుటుంబాలండీ. చీరల షాపులవాళ్లతో మాట్లాడాను, పోస్టర్లు వాళ్ల షాపుల్లోనే పెడతారు."

ఆయన అప్పుడు పెన్ను తీశారు. మర్నాడు పొద్దున్నే ఒక పేజీ పంపాను. నిడివి, సెన్సార్ సర్టిఫికెట్, సబ్‌టైటిల్స్, ఇంకా ఎవరికీ ఇవ్వని హక్కులు, అడిగే రేటు. పరిచయం నిలబడేది ఇలాంటి పనితోనేనని నా గట్టి నమ్మకం. విజిటింగ్ కార్డులు అందరి జేబుల్లోనూ ఉంటాయి.

ఆయన కమీషన్ మీద తీసుకున్నారు. సినిమా కొన్ని థియేటర్లలోనే ఆడింది. అప్పులన్నీ తీరలేదు గానీ లెక్క కాగితం మీద పైసాతో సహా వచ్చింది. డిజిటల్ హక్కులు నేను రాసుకున్న షరతుల మీదే, 3 ఏళ్లకు ఇచ్చాను. గోవాలో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ) 2007 నుంచి నడుపుతున్న ఫిల్మ్ బజార్ (ఇప్పుడు వేవ్స్ ఫిల్మ్ బజార్) అనే సినిమాల సంతలో వ్యూయింగ్ రూమ్ ఉంటుంది. ఫెస్టివల్ వాళ్లు, కొనేవాళ్లు అక్కడ కూర్చుని సినిమాలు చూస్తారు. కొత్త సినిమా పూర్తయ్యాక అక్కడికి పంపాలని ఉంది.

ఈలోగా మా బ్యాచ్ తమిళ కుర్రాడు, నేను కలిసి పాటల ఒప్పందానికి తెలుగులో, తమిళంలో నమూనా రాస్తున్నాం. మేడమ్ దిద్దుతున్నారు. పూర్తయ్యాక చిన్న సినిమా తీసే ఎవరడిగినా ఇస్తాం.