రీలోడ్ అయితున్నది, సర్టిఫికెట్ మాత్రం పాతదే

మెయిల్ సర్వర్ ఫోల్డర్‌లో చూస్తే కొత్త సర్టిఫికెట్ (ఈ సర్వర్ అసలుదే అని ఫోన్లకు చూపే గుర్తింపు పత్రం) ఉన్నది. లెట్స్‌ఎన్‌క్రిప్ట్ సంస్థ నుంచి దాన్ని తెచ్చిపెట్టే సర్ట్‌బాట్ లాగ్‌లో రిన్యూ అయినట్టే ఉన్నది. ఫోన్లకు మెయిల్ అందించే డవ్‌కాట్ ప్రోగ్రామ్‌ను రీలోడ్ చేస్తే (ఆపకుండ సెట్టింగులు మళ్ల చదివిస్తే) ఒక్క ఎర్రర్ రాదు. ఫోన్లు మెయిల్ తీసుకునే 993 పోర్టుకు పోయి అడిగితే మాత్రం గడువు దాటిన తేదీనే చెప్తున్నది. పండుకుందామంటే ఇదే తిరుగుతున్నది తలలో, అందుకే రాస్తున్న.

చిన్నబాపు దుకాణం మెయిల్ సర్వర్ సంగతే. దాన్ని పెట్టిచ్చినవాళ్లు సర్వర్‌ను డాకర్ కంటైనర్‌లో (విడిగా కట్టిన పెట్టె లాంటిది) నడిపిచ్చి, దాని సెట్టింగులుండే కంపోజ్ ఫైల్‌లో ఫుల్‌చెయిన్ ఫైల్ (సర్టిఫికెట్) ఒకటి, ప్రైవేట్ కీ ఫైల్ (దాని రహస్య తాళం) ఒకటి, విడివిడిగా మౌంట్ చేసి, అంటే లోపల కనిపించేటట్టు చేసి పోయిన్రు. కంటైనర్‌కు కావల్సినవి ఆ రెండే గదా అని వాళ్ల లెక్క. కానీ సర్ట్‌బాట్ లైవ్ ఫోల్డర్‌లో ఉండేవి అసలు ఫైళ్లు కావు, సిమ్‌లింకులు, అంటే అసలు ఫైల్ ఎక్కడున్నదో చూపే గుర్తులు. అసలువి ఆర్కైవ్ ఫోల్డర్‌లో ఫుల్‌చెయిన్1, ఫుల్‌చెయిన్2 అని నంబర్లతో ఉంటయి. రిన్యూ అయినప్పుడల్లా సర్ట్‌బాట్ కొత్త నంబరుతో ఫైల్ రాసి, లింకును దానివైపు తిప్పుతది. డాకర్‌కు ఒక్క ఫైల్‌ను మౌంట్ చెయ్యమంటే, కంటైనర్ లేచిన క్షణంలో ఆ లింకు ఏ ఫైల్‌ను చూపిస్తున్నదో దాన్నే పట్టుకుంటది. బయట లింకు మూడుకు తిరిగినా లోపల రెండే కనిపిస్తది. రీలోడ్ చేస్తే డవ్‌కాట్ నిజంగానే ఫైల్‌ను మళ్లీ చదువుతది, చదివేది ఆ రెండునే. కంటైనర్‌నే రీస్టార్ట్ చేస్తే మౌంట్ కొత్తగా పడి సరైతది. అట్ల సరైపోయినంక ఎందుకు సరైందో ఎవరూ అడగరు, మళ్ల రిన్యూవల్‌కు మళ్ల ఇదే కథ.

ఇంకో రకం ఉన్నది. లైవ్ ఫోల్డర్ ఒక్కటే మౌంట్ చేస్తరు. ఆ లింకులు రెండు మెట్లు పైకిపోయి ఆర్కైవ్‌లోకి దిగుతయి, కంటైనర్ లోపల ఆర్కైవే లేదు గనుక ఫైల్ దొరకదంటది. ఇది మొదటిరోజే ఆగిపోతది కాబట్టి నయం. దేనికైనా మందు ఒకటే: ఎట్సీ కింద ఉన్న లెట్స్‌ఎన్‌క్రిప్ట్ ఫోల్డర్‌ను మొత్తంగా, రీడ్ ఓన్లీగా, లోపల కూడా అదే దారిలో మౌంట్ చెయ్యాలె. ప్రైవేట్ కీకి 777 పర్మిషన్ (ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు) ఇయ్యమని చెప్పేటోళ్ల మాట వినొద్దు. మెయిల్ పంపి, అందుకునే పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ రెండూ రూట్‌గా (అన్ని హక్కులున్న యూజర్‌గా) మొదలయ్యేటప్పుడే కీ చదువుకుంటయి, 600 (యజమానికి మాత్రమే) ఉంటే చాలు.

బాగా కోపం తెప్పిచ్చేది, ఇది బయటపడకుండ ఎన్నాళ్లు దాగుంటదో అది. 25 పోర్టు మీద సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేటప్పుడు చాలావరకు ఎన్‌క్రిప్షన్ దొరికితే వాడుకుంటయి, సర్టిఫికెట్ గడువు తీరిందని మెయిల్ ఆపవు. అందుకని బయటి మెయిల్ వస్తనే ఉంటది. మొత్తుకునేది 993, 465, 587 మీద వచ్చే ఫోన్లు, కంప్యూటర్లు. ఇగ అప్పుడు ఎవరో ఒకరు వచ్చి సెట్టింగుల్లో "అన్ని సర్టిఫికెట్లు ఒప్పుకో" అన్న టిక్ పెట్టి పోతరు. చిన్నబాపు ఫోన్‌కు అదే చేసిన్రు. "ఎర్రది వస్తలేదు బిడ్డా, మంచిగైంది" అన్నడు. ఆ టిక్ ఉంటే గడువు తీరింది ఒక్కటే కాదు, ఎవడో నడుమ నిలబడి చూపిచ్చిన దొంగ సర్టిఫికెట్‌ను కూడా ఫోన్ ఒప్పుకుంటది, పాస్‌వర్డ్ పోయి వాని చేతిలో పడ్తది. కాజీపేట స్టేషన్‌లో కూసొని ఏదో ఒక వైఫై పట్టుకునే మనిషికి ఆ టిక్ పెట్టుడంటే నాకు మనసు ఒప్పుతలేదు.

ఫోన్ చెప్పేది అన్నిసార్లు సర్వర్ తప్పు కాదన్న మాటా నిజమే. 2021 సెప్టెంబర్ 30 యాదికొచ్చింది. ఆ రోజు డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే రూట్ సర్టిఫికెట్ (కింది సర్టిఫికెట్లను నమ్మేందుకు మూలం, పైన చెప్పిన రూట్ యూజర్ కాదు) గడువు తీరింది. సర్వర్ల మీద సర్టిఫికెట్లు తాజాగా ఉన్నయి, తీరింది పైనున్న రూటు. తమాషా ఏందంటే, 7.1.1 కంటే పాత ఆండ్రాయిడ్ ఫోన్లకు లెట్స్‌ఎన్‌క్రిప్ట్ కొత్త రూట్ ఐఎస్ఆర్‌జీ రూట్ ఎక్స్1 అంటేనే తెల్వదు, అయినా అవి నడిచినయి. ఆండ్రాయిడ్ తన దగ్గరున్న రూట్ గడువును చూడదు గనుక, దాన్ని నమ్ముకొని ఆ పాత రూట్ సంస్థ ఐడెన్‌ట్రస్ట్‌తో కొత్త రూట్ మీద ప్రత్యేకంగా క్రాస్ సైన్ (పాతదాని పూచీ సంతకం) చేయించిన్రు. ఆగిపోయినవి సర్టిఫికెట్లను సరిచూసే ఓపెన్ఎస్ఎస్ఎల్ పాత వెర్షన్ 1.0.2 మీదున్న సర్వర్లు. వాటి దగ్గర కొత్త రూట్ ఉన్నా సరే, సర్టిఫికెట్ నుంచి రూట్ దాక పోయే పొడుగు చెయిన్ పట్టుకొనిపోయి చచ్చిన రూట్ దగ్గర ఆగి "ఎక్స్‌పైర్డ్" అనేటివి. మందు సర్టిఫికెట్ మార్చుడు కాదు, ఆ యంత్రం నమ్మే రూట్ల జాబితా, అంటే ట్రస్ట్ స్టోర్‌లోంచి పాత రూట్‌ను తీసేసుడు. ఇది తెల్వనోళ్లు సర్టిఫికెట్లను తీసేసి మళ్లీ మళ్లీ తెచ్చుకున్నరు. అవే పేర్లకు ఏడు రోజుల్లో ఐదు సర్టిఫికెట్లకు మించి లెట్స్‌ఎన్‌క్రిప్ట్ ఇయ్యదు, ఆరోదానికి తలుపు మూసుకుంటది. ఆ క్రాస్ సైన్ గడువు కూడా 2024 సెప్టెంబర్ 30న తీరింది. ఇప్పుడు ఆ పాత ఫోన్లు మొత్తుకుంటే అందులో సర్వర్ తప్పేం లేదు. స్కాన్ చేసి మెయిల్ పంపే జిరాక్స్ మెషీన్లది కూడా అదే బాధ, ఫర్మ్‌వేర్ మారిస్తేనో, రూట్‌ను చేత్తో ఎక్కిస్తేనో తప్ప వాటికి కొత్త రూట్ రాదు.

ఇంతకు ఇది రాయ మొదలుపెట్టినప్పుడు తిడ్దామనుకున్నది గడువుల తగ్గింపును. 90 రోజులున్నదాన్ని 2028 నాటికి 45కు దించుతమని లెట్స్‌ఎన్‌క్రిప్ట్ అన్నది. మిగిలిన కంపెనీల సర్టిఫికెట్లు కూడా 2029 మార్చికి 47 రోజులకు దిగుతయి. చిన్న దుకాణాల మీద ఈ భారం ఎందుకని నా బాధ. కానీ పై సంగతంతా రాసినంక లెక్క వేరేగ కనపడ్తున్నది. 90 రోజులదాన్ని 30 రోజులు మిగిలుండగా రిన్యూ చేస్తరు. లోపల పాతది అతుక్కున్నా ఆ నెల రోజులు ఎవరికీ తెల్వదు. తెల్సేసరికి ఆ రోజు ఏం చేసిన్రో యాదుండదు. అదే 45 రోజులది మూడో వంతు మిగిలుండగా రిన్యూ అయితే, తప్పు 15 రోజులకే బయటపడ్తది. ఏడాది సర్టిఫికెట్ల కాలంలో పెట్టిన మనిషే ఊరిడిచి పోయేటోడు. కాబట్టి తగ్గించుడే మేలు, నా మాట వెనక్కి తీసుకుంటున్న. చేత్తో చేసేటోళ్లకు కష్టమే, కానీ ఈ పని చేత్తో చేసేది కాదు.

చేత్తో కాకుండ అంటే డిప్లాయ్ హుక్, రిన్యూ కాంగనే సర్ట్‌బాట్ నడిపే స్క్రిప్ట్. రెన్యువల్ హుక్స్ ఫోల్డర్‌లోని డిప్లాయ్‌లో స్క్రిప్ట్ పెడితే నిజంగ రిన్యూ అయినప్పుడే నడుస్తది. అందులో కంటైనర్ లోపల కమాండ్ నడిపే డాకర్ ఎగ్జెక్‌కు ఐ, టీ అక్షరాలు తగిలించొద్దు. చేత్తో నడిపితే పని చేస్తది, టైమర్ నుంచి నడిస్తే టెర్మినల్ లేదని ఆగిపోతది. పోస్ట్‌ఫిక్స్‌లో మెయిల్ అందుకునే ఎస్ఎంటీపీడీ ప్రాసెస్‌లు ఎక్కువసేపు బతకవు కాబట్టి కొత్త సర్టిఫికెట్‌ను వాటంతట అవే అందుకుంటయి. డవ్‌కాట్‌కు మాత్రం రీలోడ్ తప్పదు. తయారుగ దొరికే డాకర్ మెయిల్‌సర్వర్ ఇమేజ్ వాడేటోళ్లకు ఎస్ఎస్ఎల్ టైప్‌ను లెట్స్‌ఎన్‌క్రిప్ట్ అని పెడితే లోపలి వాచర్ ఫైల్ మారిందని పసిగట్టి ఆ పని తనే చేస్తది. కాకపోతే అది సర్వర్ హోస్ట్‌నేమ్ లేకుంటే డొమైన్ పేరున్న ఫోల్డర్‌నే చూస్తది. డొమైన్ల జాబితా మార్చి సర్టిఫికెట్ తెస్తే సర్ట్‌బాట్ ఒక్కోసారి చివర 0001 తగిలించి కొత్త ఫోల్డర్ చేస్తది, అప్పుడు అది పాతదాన్నే పట్టుకొని కూసుంటది.

రిన్యూ ఆగినా మనకు ఉత్తరం రాదు. గడువు దగ్గరపడ్డదని మెయిల్ పంపుడు లెట్స్‌ఎన్‌క్రిప్ట్ 2025 జూన్ 4న బంద్ చేసింది. కాబట్టి ఫైల్‌ను కాదు, పోర్టునే అడిగే క్రాన్ (టైంకు తనంతట తనే నడిచే పని) ఒకటి ఉండాలె. ఓపెన్ఎస్ఎస్ఎల్ ఎస్ క్లయింట్‌తో 993, 465లకు నేరుగా, 25, 587లకు స్టార్ట్‌టీఎల్ఎస్ ఎస్ఎంటీపీ (మాట మొదలైనంక ఎన్‌క్రిప్షన్‌కు మారే) ఆప్షన్‌తో కనెక్ట్ అయి, సర్వర్‌నేమ్ తప్పక ఇచ్చి, వచ్చిన సర్టిఫికెట్‌ను దాన్ని చదివే ఎక్స్509 కమాండ్‌కు పంపి చెక్‌ఎండ్ 1209600 అని అడగాలె. సెకండ్లలో అది 14 రోజులు. ఆ లోపే గడువు తీరేదుంటే కమాండ్ ఫెయిల్ అయితది, దానికే అలర్ట్ కట్టాలె. ఆ అలర్ట్‌ను ఇదే మెయిల్ సర్వర్‌కు పంపొద్దు, ఎస్ఎంఎస్‌కో వేరే ఖాతాకో పోవాలె.

మౌంట్ లైన్ మార్చి కంటైనర్‌ను మళ్లీ లేపిన. నాలుగు పోర్టుల మీద ఒకే తేదీ వస్తున్నది. పొద్దున సుబేదారి పోయి చిన్నబాపు ఫోన్‌లో ఆ టిక్ తీసేసి, పాస్‌వర్డ్ మార్పియ్యాలె. దుకాణంలో ఇంకెవరి ఫోన్లలో అదే టిక్ ఉన్నదో అదీ చూడాలె.